ఎంతవరకు గీకాలి

బండికి ఇంటి దగ్గరే రంగు వేసుకోవాలని కూర్చున్నవాడు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. పాత రంగు ఎంతవరకు గీకాలి? పైమెరుపు పోయేదాకా రుద్దితే చాలా, కింది ప్రైమరు కనిపించాలా, ఇనుము తెల్లగా బయటపడేదాకా వదలకూడదా? బజారులో నలుగురిని అడగండి, ముగ్గురు ఒకటే చెబుతారు: "మొత్తం లేపెయ్. మొదటి నుంచి మొదలుపెడితేనే పని శుభ్రం." వినడానికి బాగుంటుంది. అందులో ఒక నిజాయితీ ఉన్నట్టు కూడా తోస్తుంది. కానీ ఇక్కడ రంగత్‌లో, ఈ ఉప్పుగాలిలో, పాత ట్యాంకులూ మడ్‌గార్డులూ ముందేసుకుని కూర్చున్న అనుభవంతో నాకు కలిగిన నమ్మకం వేరు. గీకడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి కాలం పడుతుంది.

రంగత్ మధ్య అండమాన్ దీవికి తూర్పు ఒడ్డున ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి, అంటే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఊరి నుంచి, అండమాన్ ట్రంక్ రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు. జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్ కోసం ఆగాలి, జారవాల అడవి దాటాలి, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనంతో సహా ఫెర్రీ ఎక్కి బారాటాంగ్‌లో దిగి మళ్లీ ప్రయాణం సాగించాలి. నాకు కావలసిన రంగు డబ్బా కూడా ఆ దారినే వస్తుంది. రంగు, థిన్నరు, స్ప్రే డబ్బా, ఇవన్నీ మంట పట్టే సరుకు కాబట్టి విమానంలో వేయనివ్వరు. చెన్నైలోనో కోల్‌కతాలోనో విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి, రోజుల తరబడి సముద్రం మీద ఊగి రావాలి. పక్క వీధిలో రంగుల కొట్టు ఉన్న ఊళ్లో మనిషి ముందు పని మొదలుపెట్టి తరవాత ఆలోచిస్తాడు. ఇక్కడ అది కుదరదు. ఉన్న అర లీటరు ప్రైమరుతో ఎంత మేర కప్పగలమో లెక్క వేసుకున్నాకే ఎమరీ పేపరు చేతిలోకి తీసుకుంటాం.

ఆ లెక్కలో మొదటి అంకె ఉప్పుది. ఈ దీవుల్లో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తరవాత డిసెంబరు దాకా ఈశాన్యం. వాన లేని నెలల్లో కూడా గాలి పొడిగా ఉండదు. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కొంత మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది ఇంకా ఆశపోతు, 33 శాతం తేమ ఉన్నా చాలు, తడిసిపోతుంది. రంగత్‌లో రాత్రిపూట గాలి 75 శాతానికి దిగువన ఉండే రోజులు బహు తక్కువ. కాబట్టి ఆరుబయట నిలబెట్టిన బండి మీద వాలిన ఉప్పు దాదాపు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మనకి కంటికి పొడిగా కనిపించే ట్యాంకు మీద కూడా పలచటి ఉప్పునీటి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. ఉప్పునీరు విద్యుత్తుని బాగా మోస్తుంది. ఇనుము తుప్పు పట్టడమంటే ఒకచోట నుంచి ఇంకోచోటికి ఆ విద్యుత్తు నడవడమే. అందుకే విజయనగరంలోనో వరంగల్‌లోనో పదేళ్లు నిలిచే గీత ఇక్కడ ఒక్క వానాకాలానికే పొక్కవుతుంది.

ఆ పొక్కుని జాగ్రత్తగా చూడాలి. గోరంత చోట రంగు పోయి ఉంటుంది. దాని చుట్టూ పొర ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. వేలితో తడిమితే మాత్రం సన్నని గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి, పురుగు పాకినట్టు వంకరటింకరగా. రంగు కింద తుప్పు చాప కింద నీరులా నడిచిన దారి అది. ఈ రకం తుప్పు పోగులాగా పొడుగ్గా సాగుతుంది. దాని కొన దగ్గర ప్రాణవాయువు తక్కువ, తోక దగ్గర ఎక్కువ. ఆ తేడాయే దాన్ని ముందుకు నెడుతూ ఉంటుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పైనున్న రంగుని ఎత్తేస్తుంది, ఎత్తిన సందులోకి మళ్లీ నీరు చేరుతుంది. కంటికి కనిపించే పొక్కు అసలు జబ్బులో కొంత భాగమే. గీకడం అక్కడి నుంచి మొదలుపెట్టి, తుప్పు ఎంతదూరం పోయిందో అంతదూరం దాన్ని వెంబడించాలి. ఇక్కడ మొహమాటపడితే పని మొత్తం వృథా. తుప్పు మీద లప్పం పెట్టి నున్నగా చేసి అమ్మేసిన బండ్లు ఎన్నో చూశాను. మొదటి నైరుతికే ఆ లప్పం బిళ్లలు బిళ్లలుగా ఊడి వస్తుంది.

మరి తుప్పు లేని చోట?

నా చేతిలో ఇప్పుడున్నది ఒక పాత స్ప్లెండర్. హీరో హోండా కంపెనీ 1994లో ఈ పేరు పెట్టి అమ్మకానికి తెచ్చింది. హీరో, హోండా 2010 డిసెంబరులో విడిపోవాలని నిర్ణయించుకున్నాక కూడా ఆ బండి పేరు పోలేదు. ఈ దీవుల్లో కొండదారికీ బురదకీ ఇరుకు వంతెనలకీ తట్టుకున్న బండి ఇది. నా దానికి పైన నలుపు. ముందు చక్రం వైపు ట్యాంకు అంచు దగ్గర రుద్దితే నలుపు కింద ముదురు ఎరుపు వచ్చింది, దాని కింద బూడిదరంగు ప్రైమరు, దాని కింద ఇంకొక నలుపు. అసలైన నలుపు. ఎవరో ఒకప్పుడు దీన్ని ఎరుపు చేసుకున్నారు. తరవాతివారు మళ్లీ నలుపు చేశారు. ఎరుపు వేసినవాడు పనివాడే అనిపించింది. అతని పొర పలచగా, ఒకే మందంలో ఉంది, కింది పొరను గట్టిగా పట్టుకుని ఉంది. పై నలుపు వేసినవాడు తొందర మనిషి. ఎరుపుని సరిగా రుద్దకుండానే, దాని నునుపు మీదే నలుపు కొట్టేశాడు. అది నా గోటికే అట్టలా లేచి వచ్చింది. అంటే ఇతను తీసేయవలసినదాన్ని తీయలేదు. నేను వదిలేయవలసినదాన్ని తీయకుండా ఉండాలి.

ఫ్యాక్టరీలో ట్యాంకుకి రంగు ఎలా పడుతుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ముందు రేకుని కడిగి, ఫాస్ఫేటు ద్రావణంలో ముంచి, ఇనుము మీద సన్నని స్ఫటికాల పొర మొలిపిస్తారు. తరవాత రంగు నిండిన తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. ఆ కరెంటుకి ప్రైమరు రేకు మీద ప్రతి మూలకీ, ప్రతి మడతకీ పోయి అతుక్కుంటుంది. సుమారు 20 మైక్రాన్ల మందం. మన తలవెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని వేడి పొయ్యిలో కాల్చాక దానిపైన మిగతా పొరలు. అన్నీ కలిపినా వంద మైక్రాన్లు, కాస్త అటూ ఇటూ. ఆ అట్టడుగు పొరని మన పెరట్లో ఎవరూ మళ్లీ వేయలేరు. ఎంత ఖరీదైన డబ్బా కొన్నా సరే. దాన్ని గీకి పారేస్తే పోయిందంతే. తుప్పు పట్టని చోట, గట్టిగా కరుచుకుని ఉన్న ఆ పొరని "శుభ్రం" కోసం తీసేయడం నా దృష్టిలో నష్టం. ఆ పొర మీద 400 నంబరు వాటర్ పేపరు ఆడించి మెరుపు చంపితే చాలు. పైపొర పట్టుకోవడానికి ఆ గరుకు సరిపోతుంది.

ఈ సంగతి నాకు మొదట పుస్తకంలో దొరకలేదు. మా మావయ్య చెప్పాడు. శ్రీకాకుళం తీరంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రితో ఓడెక్కి ఈ దీవులకొచ్చి, జీవితమంతా డోంగీల మీద వేటకి పోయినవాడు. ఏటా పడవని ఇసుక మీదికి లాగి, అడుగున పట్టిన గుల్లలు గొరిగి, రంగు వేసేవాడు. నేను ట్యాంకుని పూర్తిగా తెల్లరేకు చేయబోతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏటి, మొత్తం లేపెత్తావేటి?"

"అవును మావా. శుభ్రంగా ఉంటాది గదా."

"గట్టిగున్నదాన్ని ఎందుకురా కదపడం? పడవకైనా అంతే. గోరెట్టి గుచ్చి సూడు. లెగిస్తే తీసీ. లెగకపోతే ఒగ్గీ."

ఈ రెండు మాటల్లో ఉన్న జ్ఞానాన్ని తరవాత పెద్ద ఓడలకి రంగులు వేసేవారి నియమాల్లో చూశాను. వాళ్లు కూడా పాత పొర ఎంత గట్టిగా అతుక్కుని ఉందో పరీక్షించి, గట్టిదాన్ని ఉంచి, పోయినచోటే ఇనుముదాకా వెళ్తారు. మావయ్యకి ఆ నియమాలు తెలియవు. ఉప్పునీళ్లలో నానే చెక్క మీద, ఏడాదికోసారి చొప్పున, ఆయన చేతికే ఆ జ్ఞానం పట్టుబడింది.

ఇనుముకి చెప్పిన నియమం ప్లాస్టిక్కుకి నడవదు. స్ప్లెండర్‌లో ట్యాంకు రేకు. సైడు ప్యానెళ్లు, లైటు మీది వైజరు, సీటు వెనక తోక భాగం ప్లాస్టిక్. వీటి మీద పెయింట్ రిమూవరు పడితే రంగుతో పాటు ప్లాస్టిక్కు కూడా మెత్తబడి జిగురవుతుంది. థిన్నరుతో గట్టిగా తుడిచినా సన్నని పగుళ్లు పారతాయి. వీటిని చేత్తో, నీళ్లతో, ఓపికతో రుద్దుకోవాలి. ఎంత తొందరున్నా 320 కన్నా ముతక పేపరు పెట్టకూడదు. ముతక పేపరు గీతలు ప్లాస్టిక్కులోకి లోతుగా దిగుతాయి, ఎన్ని పూతలు వేసినా కొత్త రంగులో మళ్లీ పైకి కనిపిస్తాయి.

ట్యాంకు దగ్గర ప్రాణభయం కూడా ఉంది. పెట్రోలు వంచేశాక ఖాళీ అయిందనుకున్న ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర వంతుల మధ్య ఉన్నప్పుడే నిప్పురవ్వకి పేలుతుంది. ఖాళీ ట్యాంకులో సరిగ్గా ఆ పాళ్లు కుదురుతాయి. మూత తీసి, కుళాయి విప్పి, సబ్బునీళ్లతో పలుమార్లు కడిగి, ఎండలో రోజంతా బోర్లించాకే దాని మీద పని. గ్రైండరు జోలికి పోకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక పెయింట్ రిమూవరు. పాతకాలపు గాఢమైన రిమూవర్లలో మెథిలీన్ క్లోరైడు ఉండేది. రంగుని నిమిషాల్లో ముడతలు పడేట్టు చేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ దాని ఆవిరి గాలికన్నా బరువు, మూసిన గదిలో నేల దగ్గర పేరుకుంటుంది. పీలిస్తే ఒంట్లోకి పోయి కార్బన్ మోనాక్సైడుగా మారి రక్తానికి ఊపిరాడనివ్వదు. బాత్‌టబ్బులకి రంగు గీకుతూ మూసిన గదుల్లో మనుషులు చనిపోయాక, అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2019లో ఇళ్లలో వాడకానికి ఈ రిమూవర్లు అమ్మకూడదని నిషేధించింది. మన దేశంలో డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి కొనుక్కోవడం మన బాధ్యతే. ఎవరైనా గదిలో తలుపులేసుకుని ఈ పని చేస్తుంటే నేను ఆపేస్తాను, వాళ్లకి కోపం వచ్చినా సరే. ఈ పని వేపచెట్టు కింద, గాలి పారే చోట, చేతికి తొడుగులతో చేయాలి. తుప్పు ఉన్న మేరకే తీయాలనుకున్నవాడికి రిమూవరు అవసరం ఎలాగూ తక్కువే. ముందు 80, తరవాత 180, తరవాత 320, ఈ వరసలో పేపరు మారుస్తూ చేత్తోనే పని సాగుతుంది.

ఇనుము బయటపడ్డ చోటికీ పాత రంగు మిగిలిన చోటికీ మధ్య ఒక మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టుని వాలుగా మార్చడమే ఈ పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. పేపరుని ఒక చిన్న చెక్కముక్కకి చుట్టి, అంచు చుట్టూ మెల్లగా సున్నాలు చుడుతూ రుద్దుతుంటే పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా విచ్చుకుంటాయి. మధ్యలో వెండిలాంటి రేకు, దాని చుట్టూ మొదటి నలుపు, బూడిదరంగు, ఆ తెలియని పనివాడి ముదురు ఎరుపు. ప్రతి వలయం కాస్త వెడల్పుగా, అర అంగుళమైనా ఉండాలి. చివరికి కళ్లు మూసుకుని వేళ్లతో తడిమితే ఏ పొర ఎక్కడ మొదలైందో తెలియకూడదు. కంటికి కనిపించని మెట్టుని వేలు పట్టేస్తుంది. నేను కంటికన్నా వేలినే ఎక్కువ నమ్ముతాను.

ఆ తరవాత కడగడం. రంగు కింద ఉప్పు రేణువు చిక్కుకుంటే అది పొర గుండా నీటిని లోపలికి లాగుతూ ఉంటుంది, లోపల నీటిబుడగ తయారవుతుంది. ఓడల్లో సముద్రపు నీరు నింపే తొట్లకి రంగు వేయడానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో పెట్టిన ప్రమాణం ప్రకారం చదరపు మీటరు ఇనుము మీద 50 మిల్లీగ్రాములకి మించి ఉప్పు ఉండకూడదు. మోటారు సైకిలు ట్యాంకు పైతలం అర చదరపు మీటరు అనుకుందాం. అంటే 25 మిల్లీగ్రాములు. కూరలో వేసే చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా కాదు. ఈ అంకె తెలిసినప్పటి నుంచి నేను ట్యాంకుని బావినీళ్లతో కడగడం లేదు. ఒడ్డుకి దగ్గరి బావుల్లో కాస్త ఉప్పదనం ఉంటుంది. రేకుల కప్పు మీది నుంచి డ్రమ్ములో పట్టిన వాననీళ్లు, అది కూడా మొదటి జల్లు వదిలేసి పట్టినవి, ఈ పనికి దాచుకుంటాను. కడిగిన ఇనుముని వెంటనే గుడ్డతో తుడిచి ఎండకి పెట్టాలి, లేకపోతే కళ్లముందే పసుపుపచ్చ తుప్పు పూత పూస్తుంది. తుడిచిన గంటలోపు ప్రైమరు పడాలి. రాత్రికి వదిలేసి పొద్దున్న వేద్దామనుకునే పని కాదిది.

ప్రైమరు విషయంలో మనవాళ్లకి రెడ్ ఆక్సైడు మీద నమ్మకం ఎక్కువ. కిటికీ చువ్వలకి వేసిన అలవాటు. అది చెడ్డది కాదు, కానీ సముద్రం పక్కన ట్యాంకుకి రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరు దానికన్నా బాగా నీటిని ఆపుతుంది. సొట్టలకి పెట్టే లప్పం మాత్రం ఎప్పుడూ ఎపాక్సీ మీద పెట్టాలని నా సలహా. లప్పంలో ఉండే పొడి నీరు తాగుతుంది. బజారు పనివాళ్లు లప్పాన్ని నీళ్లతో రుద్దుతారు, ధూళి లేవదని. పొడి ఊళ్లలో అది ఆరిపోతుంది. ఇక్కడ ఆరదు. ముక్కుకి గుడ్డ కాదు, సరైన ముసుగు పెట్టుకుని పొడిగానే రుద్దాలి.

మన చేతిపనుల్లో ఈ వరస కొత్తది కాదు. కొండపల్లిలో బొమ్మ చేసేవారు తెల్లపొణికి కర్రని చెక్కి, ముక్కల్ని చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి, సుద్ద పూసి, ఆరాకే రంగు ముట్టుకుంటారు. అతుకు, నునుపు, తెల్లపూత, రంగు. లప్పం, పేపరు, ప్రైమరు, రంగు. ఏ ఫ్యాక్టరీ నేర్పకముందే ఈ క్రమం మన కృష్ణా ఒడ్డున ఉంది. నిర్మల్ చిత్రకారుల దగ్గరికి వెళ్తే సంబంధం ఇంకా దగ్గరది. ఆదిలాబాదు అడవుల పక్కన ఖనిజాలతో, చెట్ల రసాలతో రంగులు తీసిన ఆ పనివాళ్లు తరవాతి కాలంలో డ్యూకో రంగులకి మారారు. డ్యూకో అసలు కారు రంగు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి మందుగా తయారైన నైట్రోసెల్యులోజుని యుద్ధం ముగిశాక ఏం చేయాలో వెతుకుతూ డ్యూపాంట్ కంపెనీ చేసిన పనిలోంచి అది పుట్టింది. 1923లో బయటికి వచ్చింది, జనరల్ మోటార్సు వారి ఓక్లాండ్ కారుకి 1924 మోడల్‌లో నీలిరంగుగా ఎక్కింది. అంతకుముందు ఒక కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూకోతో ఆ పని గంటల్లోకి వచ్చింది. ఇప్పటికీ మన ఊళ్లలో బండ్ల రంగు పనిని డ్యూకో అనే పిలుస్తారు. ఆ కాలపు రెండురంగుల కార్లకి గీత చెదరకుండా వేయడం కోసమే 3ఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. ట్యాంకు మూత చుట్టూ ఆ టేపు అతికించేటప్పుడు ఆయన నాకు గుర్తుకొస్తాడు.

నైట్రోసెల్యులోజు రంగుకి రంగత్ గాలితో ఒక పేచీ ఉంది. థిన్నరు ఆవిరవుతున్నప్పుడు రేకు చల్లబడుతుంది. ముప్పై డిగ్రీల వేడిలో, గాలిలో 80 శాతం తేమ ఉంటే, మంచుబిందువు 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే రేకు నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద కంటికి కనిపించని నీరు చేరుతుంది. ఆ నీరు తడి రంగులో ఇరుక్కుని నల్ల రంగు పాలిపోయినట్టు తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డరు థిన్నరు కలిపితే కొంత ఆగుతుంది. పరిశ్రమల్లో రేకు వేడి మంచుబిందువు కన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటేనే రంగు వేయాలని నియమం. ఆ నియమం ఇక్కడ రోజులో చాలా గంటలు మనల్ని చేతులు కట్టేసి కూర్చోబెడుతుంది.

కాబట్టి వేళ చూసుకోవాలి. ఫిబ్రవరి, మార్చి మంచివి. డిసెంబరు, జనవరిలో వాన తగ్గినా ఈశాన్యపు గాలి తూర్పు సముద్రం మీది నుంచి నేరుగా మన మీదికే వస్తుంది, తుడిచిన రేకు మీద గంటలో మళ్లీ ఉప్పు వాలుతుంది. పొద్దున్న తొమ్మిది దాకా పోకచెట్ల ఆకుల నుంచి మంచు కారుతూనే ఉంటుంది. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. మధ్యలో ఆ రెండు మూడు గంటలే పని. రేకుని ముందు ఎండలో వెచ్చబెట్టి, నీడలోకి తెచ్చి, పలచటి పూత, పది పదిహేను నిమిషాలు ఆగి ఇంకొకటి. ఈ వేళలు నాకు ఏ డబ్బా మీదా రాసి దొరకలేదు. అవి డబ్బా మీద రాయగలిగినవి కావు, ఎందుకంటే ఆ డబ్బా చెన్నైకీ నాగపూరుకీ ఇక్కడి ఆమ్‌కుంజ్ ఒడ్డుకీ ఒకటే.

రేకు మీద వేళ్లు ఆడుతున్నప్పుడు మనసు ఊరికే ఉండదు. నా మనసు మా మనుషుల మీదికే పోతుంది. 1950ల నుంచి ఈ మధ్య అండమాన్‌లో తూర్పు బెంగాలు కాందిశీకులు అడవి కొట్టి ఊళ్లు కట్టుకున్నారు. రాంచీ నుంచి కూలీలు వచ్చారు. తమిళులు, మలయాళీలు, మా తీరం నుంచి మావాళ్లు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో వందకు పదముగ్గురి మాతృభాష తెలుగు. పిల్లలు బజారులో దీవుల హిందీ మాట్లాడతారు, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడతారు, పక్కింటి దాదాతో బెంగాలీలో పలకరిస్తారు. మొదట వచ్చినవాళ్లకి చాలామంది చెప్పారట, ఇక్కడ బతకాలంటే పాతవన్నీ వదిలేసి కొత్తగా మొదలుపెట్టాలని. మా పెద్దవాళ్లు అలా చేయలేదు. కులం పేరు చెప్పి పక్కవాడి చేతి నీళ్లు తాగని అలవాటు లాంటివి, కుళ్లినవి, చాలావరకు ఓడలోనే వదిలేశారు. ఆ తుప్పు ఇక్కడ మళ్లీ లేవకుండా చూసుకోవడం కష్టమైన పనే, దానికి కష్టపడ్డారు. మాటనీ, గంగమ్మ మొక్కునీ, చేపల పులుసునీ ఉంచుకున్నారు, అవి గట్టిగా ఉన్నాయి కనుక. వాటి మీదే ఈ దీవి పొర పడింది. మనిషిని రేకుదాకా గీకితేనే కొత్తవాడవుతాడని చెప్పేవాళ్లని నేను నమ్మను. మా మేనకోడలు హిందీలో కలలు కంటుందట, నవ్వు వస్తే మాత్రం సిక్కోలు యాసలో నవ్వుతుంది. ఆ రెండింటి మధ్య అంచు ఎక్కడుందో వేలికి తగలదు.

రంగు సంగతికి వస్తాను. నేను మళ్లీ నలుపే వేస్తున్నాను. ఆర్‌సీలో బండి రంగు కూడా రాసి ఉంటుంది. మార్చాలంటే రవాణా కార్యాలయంలో చెప్పి రాయించుకోవాలి. అదొక కారణం. నలుపు మీద ఎక్కడ సన్నని గీత పడ్డా కింది బూడిదరంగు ప్రైమరు వెంటనే కనిపించి హెచ్చరిస్తుంది, అది నాకు ముఖ్యమైన కారణం. నలుపు మీద ప్రతి లోపమూ బయటపడుతుంది కాబట్టి 800 పేపరుతో ప్రైమరుని అద్దంలా చేశాకే రంగు పడాలి. ఆ శ్రమ నాకు ఇష్టమే.

పైన పడే క్లియర్ కోటు మాత్రం నేను ఇంట్లో వేయను. పెట్రోలు చుక్క పడినా చెదరని గట్టి క్లియర్ కావాలంటే హార్డెనరు కలిపే రకం వాడాలి. ఆ హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఊపిరితిత్తులకి ఒక్కసారి అలర్జీ మొదలయ్యాక జీవితాంతం ఉబ్బసం వదలకపోవచ్చు. ముక్కుకి కట్టిన రుమాలు దాన్ని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే ముసుగు ఉన్న పనివాడి చేత ఆ ఒక్క పూత వేయించుకుంటాను. పెరట్లో పిల్లలు ఆడుకునే చోట ఆ డబ్బా మూత తెరవకూడదని నా గట్టి నిర్ణయం. ఇంటి పని అంతా ఇంట్లోనే జరగాలని పట్టుబట్టడంలో గొప్పతనం లేదు.

క్లియర్ ఆరాక ట్యాంకు చేతికి గట్టిగా తగులుతుంది. లోపలి ద్రావణి మొత్తం పోవడానికి మాత్రం వారాలు పడుతుంది, అప్పటిదాకా మైనం పూయకూడదు. మే వానలకి ముందు ట్యాంకు అడుగున రేకులు కలిపిన అంచుకి, నీరు నిలిచేది అక్కడే కాబట్టి, మైనం దట్టంగా పట్టించాలి. సైడు ప్యానెళ్ల చిల్లుల్లోని రబ్బర్లు గట్టిపడి పగిలాయి. ట్యాంకు కూర్చునే రబ్బర్లూ అంతే. ఆ గట్టి రబ్బరు మీద బిగిస్తే కొత్త రంగు రెండు నెలల్లో రాపిడికి పోతుంది, పోయినచోట ఉప్పు దిగుతుంది. కొత్తవాటికి విశాఖలో ఉన్న బావకి చెప్పాను. ఓడ ఎప్పుడొస్తే అప్పుడే, అవి చేతికందేదాకా బండి బిగించను.